పసుపు కళ్లంలో దిగిన విమానం

ముందుగా భారత విమానయాన రంగానికి, నిజామాబాద్ జిల్లా పసుపు రైతాంగానికి, మా కాలేజీ బోటనీ విభాగానికి నా ప్రగాఢ క్షమాపణలు. కింద రాసినదాని వల్ల మీ ముగ్గురి ప్రతిష్ఠకూ భంగం కలగవచ్చు. నా ప్రతిష్ఠకు కలగదు. తప్పు నాది కాదు.

తొంభైల చివర్లో, డిగ్రీ రెండో ఏడు. తెగులు పట్టిన చెరకు ఆకులు రికార్డులో అంటించాలని లెక్చరర్ ఆజ్ఞ. నాకు దొరికిన ఆకులన్నీ దుర్మార్గమైన ఆరోగ్యంతో ఉన్నాయి. అందుకని ఫిబ్రవరిలో ఒకరోజు ఉదయం ఏడున్నరకు నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సెక్కాను. తొమ్మిది రూపాయల టికెట్టు, ముప్పావు గంట ప్రయాణం. ఊరింకా కనబడక ముందే మాడిన చక్కెర పాకం వాసన కిటికీలోంచి వచ్చి పక్కన కూర్చుంది. ఇప్పటికీ ఎవరింట్లోనైనా పాకం మాడితే నాకు మళ్లీ పందొమ్మిదేళ్లు వస్తాయి.

బోధన్‌లో చాయ్ మోజులో పడి రుద్రూర్ బస్సు పోగొట్టుకున్నాను. ఎండకు నెత్తికి తువ్వాలు చుట్టుకుని రోడ్డెంట నడుస్తూ, తర్వాత వచ్చిన బస్సుకు చెయ్యెత్తాను. అది నన్ను దాటి వంద గజాలు పోయి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "దూరంకెల్లి చెయ్యి కనవడదు తమ్మీ. నెత్తికున్న తువ్వాల ఊపు, యాడున్నా ఆపుత" అన్నాడు. చదువుకున్నవాణ్ణి కదా, గుర్తుపెట్టుకున్నాను.

పదింటికి రుద్రూర్‌లో దిగి రెండు కిలోమీటర్లు నడిస్తే రాజన్న అనే రైతు చెరకు తోట. రోగం ఉన్న ఆకులే కావాలంటే ఆయన నన్ను జాలిగా చూసి, సంచి నిండా కోసుకోమన్నాడు. మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు పెట్టాడు. తోట పక్కన పొడవాటి బీడు. దాని ఒక కొసన ఆయన తల్లి, కూలీలు ఉడికించిన పసుపు కొమ్ములు ఆరబోస్తున్నారు. రెండో కొస ఖాళీ.

ఒంటిగంటకు చిన్న శిక్షణ విమానం ఒకటి వచ్చింది. ఇంజిన్ దగ్గుతోంది. బీడు మీద రెండు చుట్లు తిరిగి, ఖాళీ కొసను వదిలేసి మా వైపే దిగింది. నేలను బాగానే తాకింది. ఆ తర్వాత కొమ్ముల మీదికెక్కింది. గోలీల మీద కాలు పెట్టినట్టు అడ్డంగా జారి, ముందు చక్రం విరిగి, ముక్కు కుప్పలో గుచ్చుకుని ఆగింది.

అందులోంచి నా వయసు అమ్మాయి దిగింది. ఒళ్లంతా పసుపు. మొదట అడిగింది ఎవరికైనా తగిలిందా అని. ఎవరికీ తగల్లేదన్నాక నేల మీద కూలబడి ఏడ్చింది. హైదరాబాద్ నుంచి ఒంటరిగా వచ్చిందట. దిగేటప్పుడు ఇంతకుముందే ఒకసారి చక్రం దెబ్బతీసిందట. రెండోది కూడా తన పేరున రాస్తే ఇంటికి పంపేస్తారట.

రాజన్న తల్లి ఆమెకు నీళ్లిచ్చి, కుంకుమ తెచ్చి విమానం ముక్కుకు బొట్టు పెట్టింది. "పసుపు అదే పూసుకున్నది బిడ్డా. బొట్టొక్కటే తక్కువుండె." ఏడుస్తున్న పిల్ల నవ్వింది.

రాజన్న రుద్రూర్ పోయి ఫోన్ చేయిస్తే, అయిదింటికి జీపులో ఆమె శిక్షణ కేంద్రం అధికారి వచ్చాడు. ఇంజిన్ దగ్గడం నీ తప్పు కాదు, ఖాళీ కొస వదిలి ఇటెందుకు దిగావని అడిగాడు.

"ఇక్కడ ఎవరో ఎర్రగుడ్డ ఊపారు సార్. నేల గట్టిగా ఉంది, ఇక్కడే దిగమంటున్నారనుకున్నాను."

ఆయన మా అందరినీ అడిగాడు. "మేమంత కొమ్ములిడిసి ఉరికినం సార్, గుడ్డ సంగతి తెల్వది" అన్నాడు రాజన్న. అధికారి ఏదో రాసుకున్నాడు. ఆమె మా మొహాలు ఒక్కొక్కటే చూసి జీపెక్కింది.

చిన్న విమానం చప్పుడు వినబడితే ఇప్పటికీ తలెత్తి చూస్తాను, నడుపుతున్నది ఆమేనేమోనని. తెలుసుకునే దారి లేదు. అటు వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: సాయంత్రం ఆరు దాటకముందే రోడ్డు మీదికి రండి, బస్సుకు తువ్వాలు ఊపండి. బస్సుకు మాత్రమే.

నా తువ్వాలు ఎర్రది. విమానాన్ని దగ్గర్నుంచి చూద్దామని, బస్సును ఆపినట్టే ఆపాను. అధికారి అడిగినప్పుడు అది నా సంచిలో, తెగులు ఆకుల అడుగున ఉంది.