ఫోన్ పట్టుకోవడానికి ఒక మనిషి

మా వదిన ఫొటోగ్రాఫర్, కానీ గడప దాటదు. ఇస్త్రీ గదిలో నాకున్న చోటులో సగం ఆక్రమించి, వీడియో కాల్‌లోనే ఎక్కడెక్కడి వాళ్లకో ఫొటోలు తీస్తుంది. ముందు వాళ్ల ఫోన్‌లో ఒక యాప్ వేయిస్తుంది. ఇక్కడ కంప్యూటర్‌లో చూస్తూ మీట నొక్కితే, అక్కడ వాళ్ల ఫోనే ఫొటో తీస్తుంది. కిటికీ వాళ్లది, దుప్పటి వాళ్లది, మొహం వాళ్లది, పేరు మాత్రం మా వదినది. సొమ్మొకరిది సోకొకరిది అంటే ఇదేనని ఏడిపిస్తుంటాను. "ఆడపడుచు మాటలు పట్టించుకుంటే కాపురం చేసినట్టే" అంటుంది.

పని మాత్రం చూసి తీరాల్సిందే. "ఫోన్ పట్టుకుని ఇల్లంతా ఒకసారి తిప్పండి" అని, ఏ కిటికీ మంచిదో ఇట్టే పట్టేస్తుంది. బీరువా మీద తెల్ల దుప్పటి వేయిస్తుంది. వంటింట్లోంచి పెద్ద స్టీలు పళ్లెం తెప్పించి ఒళ్లో పెట్టుకోమంటుంది. పళ్లెం మీది వెలుతురు మొహం మీదికి వచ్చేసరికి ఎంత అలసిన మనిషైనా తేటపడతారు. అయితే ఒక్క పట్టుదల ఉంది. ఫోన్‌ని స్టాండుకి తగిలించనివ్వదు, ఎవరో ఒకరు పట్టుకోవాల్సిందే. స్టాండు మొహం చూసి ఏ మనిషీ నవ్వడంటుంది. దీనివల్ల చేజారిన బేరాలూ ఉన్నాయి. చెబితే వినే రకం కాదు.

ఒకరోజు మధ్యాహ్నం ఒక టైలరమ్మ కాల్ చేసింది. దవడలో గడ్డ, ఎల్లుండి ఆపరేషన్. ఆ తర్వాత మూతి ఒక పక్కకి లాగేస్తుందని డాక్టర్లు ముందే చెప్పారట. "ఇప్పుడున్న నవ్వు ఒక్కటి తీసిపెట్టండి మేడమ్. తెల్లారితే ఆసుపత్రికి వెళ్లిపోవాలి" అంది. నా చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది.

కిటికీ కుదిరింది, దుప్పటి కుదిరింది. ఫోన్ పట్టుకునే మనిషే లేరు. భర్త లారీ మీద లోడుతో వెళ్లాడు, నేరుగా ఆసుపత్రికే వస్తాడు.

"పక్కింట్లో ఎవరూ లేరా?" అంది వదిన.

"లేరండి."

అంతలో గోడ అవతల ఎవరో గట్టిగా దగ్గారు.

"మరి ఆ దగ్గింది ఎవరు?"

"గోడ."

"గోడకి జలుబు చేసిందా?"

అప్పటికిగాని టైలరమ్మ అసలు సంగతి చెప్పలేదు. అవతల ఉన్నది తోడికోడలు, చిన్నావిడ. మేడ మీద బట్టల తీగ దగ్గర మొదలైన గొడవ తాతముత్తాతల దాకా పాకింది. ఆరేళ్లుగా మాటల్లేవు, పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. "దాన్ని పిలవడం కంటే ఫొటో మానుకోవడం నయం" అంది.

ఎండ దిగిపోతోంది. ఇంకాసేపటికి ఆ గదిలో వెలుతురుండదు. "ఈ ఒక్కసారికి దేనికైనా ఆనించనివ్వు వదినా" అని బతిమాలాను. సరేనంది. టైలరమ్మ ఫోన్‌ని కుట్టుమిషన్‌కి ఆనించి ఎదురుగా కూర్చుంది. పళ్లు కనిపించాయిగాని నవ్వు రాలేదు. నాలుగుసార్లు తీసినా అంతే.

ఇక మా వదిన సిగ్గూ ఎగ్గూ లేకుండా గొంతు పెంచింది. "గోడ అవతలున్న అమ్మా, ఒక్క పావుగంట వచ్చి ఫోన్ పట్టుకుంటారా?"

టైలరమ్మ బిత్తరపోయింది. కాసేపటికి వీధి తలుపు చప్పుడైంది.

చిన్నావిడ ఫోన్ వెనకాల ఉంది కాబట్టి మాకు గొంతే తప్ప మనిషి కనిపించలేదు. "ఆవిణ్ణి కొంచెం కిటికీ వైపు తిరగమనండి" అంటుంది. "నేను తిరిగే ఉన్నానని చెప్పండి" అంటుంది టైలరమ్మ. అడుగు దూరంలో ఉన్న ఇద్దరికీ ఎక్కడో ఉన్న మా వదిన మధ్యవర్తి. నాకు నవ్వాగలేదు.

"ఇంతకీ ఈ హడావిడంతా దేనికట?" అంది చిన్నావిడ.

ఆమెకి తెలియదన్న సంగతి వదినకి తట్టలేదు. "దవడ ఆపరేషన్ కదమ్మా ఎల్లుండి. ఆ తర్వాత ఈ నవ్వు ఉండదట" అనేసింది.

కంప్యూటర్‌లో బొమ్మ ఊగడం మొదలైంది. కిటికీ, దుప్పటి, టైలరమ్మ, అన్నీ అటూ ఇటూ పోతున్నాయి. వెక్కిళ్లు వినిపించాయి. ఇక ఫొటో దక్కదనుకున్నాను. దిగులేసింది.

టైలరమ్మ తలెత్తి ఫోన్ పైనుంచి చూసింది. "ఏడవకే. ఫోన్ కదిలిపోతోంది."

"నాకొక్క మాట చెప్పకూడదా అక్కా?"

"చెబితే ఏం చేసేదానివి? తీగ నాకు వదిలేసేదానివా?"

ఆ మాటకి తనకే నవ్వొచ్చింది. వదిన మీట నొక్కింది.

ఫొటో కొంచెం అలికినట్టు వచ్చింది. చూపు కూడా కెమెరాలోకి లేదు, కాస్త పైకి ఉంది. మళ్లీ తీస్తానని వదిన అనలేదు, తీయమని టైలరమ్మా అడగలేదు.

వారం తర్వాత చిన్నావిడ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది.

"గడ్డ మొత్తం తీసేశారు మేడమ్. మూతి మాత్రం వాళ్లు చెప్పినట్టే అయింది. నవ్వబోతే ఒక పక్కే కదులుతోంది. మాట ముద్దముద్దగా వస్తోంది. పాపం, మా బావగారికే అర్థం కావట్లేదు. నాకొక్కదానికే తెలుస్తోంది. నర్సులు కూడా ఏమందో చెప్పమని నన్నే పిలుస్తున్నారు."

వెనక ఏదో గొణుగుడు వినిపించింది. మా ఇద్దరికీ ఒక్క ముక్కా అందలేదు.

"ఏమంటున్నారు?" అంది వదిన.

"రాత్రంతా కూర్చున్నావు, ఇంటికెళ్లి పడుకోమని తిడుతోంది" అని చిన్నావిడ అటు తిరిగింది. "నేను వెళ్లను. నువ్వు పడుకో అక్కా."