ఆవిరి తగ్గనివ్వని ఆదివారం

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టే అర్హత నాకింకా రాలేదని మా అమ్మ అంటుంది. నిజమే, నాకింకా ముప్పై నిండలేదు. కానీ కొన్ని వస్తువుల పక్కన కొన్నాళ్ళు గడిపితే వాటి వయసు కొంత మనిషికీ అంటుకుంటుంది. కాబట్టి ఆ రోజుల్లో, అంటే నేను డిప్లొమా పూర్తి చేసి బాలానగర్‌లో ఒక చిన్న కంపెనీలో ట్రైనీగా చేరిన కొత్తలో, చిలకలగూడలోని ఒక రేకుల షెడ్డులో, ఒక ఆదివారం పొద్దున ఉన్నవాళ్ళనీ ఉన్నవాటినీ ముందు చెప్పేస్తాను. మా మావయ్య, అంటే అమ్మకి పెద్దన్నయ్య. విజయనగరం నుంచి వచ్చి, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. మల్కాజ్‌గిరిలో లేత్ మిషన్ల షాపు నడిపే ఒకాయన. మాకు లేత్ అన్న. నేను. నేలమీద పడుకోబెట్టినట్టుండే ఒక ఆవిరి ఇంజన్. సిలిండరు ఒకటి, ఫ్లైవీల్ మావయ్య కంటే ఎత్తు. దానికి ఆవిరి పంపే నిలువు బాయిలరు, ఆ యేటికి ఇన్‌స్పెక్టరు ఇచ్చిన సర్టిఫికెట్టుతో సహా. ఇస్త్రీ బళ్ళ వాళ్ళని బతిమాలి తెచ్చిన బొగ్గుల బస్తాలు. అడితిలో కొన్న కట్టెలు. రెండు పార్సిల్ చెక్కపెట్టెలు, ఒక స్టూలు. ఇంకా ఒక టేకు పెట్టె నిండా ప్యాటర్న్లు. (పోత పోసేముందు ఇసుకలో అచ్చు తీయడానికి వాడే చెక్క నమూనాలు. ఇంజన్లో ఏ ముక్క విరిగినా ఆ నమూనాతో కొత్తది పోయించుకోవచ్చు. గీతలు గీసింది నేను, పాత తలుపుల టేకుతో చెక్కింది మావయ్య. మూడు వేసవి కాలాలు పట్టింది.)

ఆ ఇంజన్ ఒకప్పుడు నూనెమిల్లులో గానుగలు తిప్పేది. మిల్లు కరెంటుకి మారాక మూలనపడింది. మిల్లు పడగొట్టే రోజు పాత ఇనుము లారీ ఎక్కబోతుంటే మావయ్య అడ్డంపడి తెచ్చుకున్నాడు. "రిటైరైతే ఎవరైనా గుళ్ళు పట్టుకుంటారు, లేకపోతే వాకింగులు పట్టుకుంటారు. మీ మావయ్యకి ఇది దొరికింది" అనేది మా అత్త. మావయ్యలాంటి వాళ్ళు దేశంలో ఇంకా ఉన్నారని నాకు పాత ఇంజన్ల వాళ్ళ వాట్సాప్ గ్రూపులో చేరాక తెలిసింది. మిగతా జనం మనవల ఫోటోలు పెట్టుకున్నట్టు వాళ్ళు వాల్వుల ఫోటోలు పెట్టుకునేవారు. ఒకాయన తన ఇంజన్ తొలిసారి ఆవిరి పట్టిన వీడియో పెడితే మావయ్య ఆ రాత్రి అన్నం తినకుండా ఆరుసార్లు చూశాడు.

చిక్కు స్థలంతో వచ్చింది. షెడ్డున్న ఖాళీ జాగాని ఓనరు అపార్ట్‌మెంటుకిచ్చేశాడు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. గ్రూపులో సంగతి చెబితే అందరూ కన్నీళ్ళ బొమ్మలు పెట్టారు, జాగా మాత్రం ఎవరూ చూపించలేదు. ఆ సమయంలో శామీర్‌పేట రోడ్డులో హోటల్ కడుతున్న ఒకాయన ఫోన్ చేశాడు. పాత వస్తువులంటే ఆయనకి ప్రాణమట. "సార్, నడిచేదైతే నేనే తీస్కపోత. ఆదివారం పదింటికి వస్త, చూపియ్యండ్రి" అన్నాడు. ఆయన కాదంటే మంగళవారం పాత ఇనుము వాడు గ్యాస్ కట్టరుతో వస్తాడు. మావయ్య వాడికి మాట ఇచ్చేశాడు, వేరే దారి లేక. ఆ వారమంతా మావయ్య ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఇంజన్‌తో మాత్రం మాట్లాడాడు. "పెళ్ళిచూపులే, అంతే. భయపడకు" అంటూ సిలిండరు తుడుస్తుంటే నేను విన్నాను.

ఇంధనం లెక్క నాది. ఆవిరి లేవడానికి ఎంత, అది నిలబడ్డానికి ఎంత, హోటల్ పెద్దమనిషి చూస్తున్నంతసేపు ఇంజన్ తిప్పడానికి ఎంత అని కంప్యూటర్లో పట్టిక వేశాను. పైగా, అనుకోనివాటికి ఐదో వంతు కలిపాను. (హైదరాబాదులో మనిషి పదింటికొస్తానంటే ఎప్పుడొస్తాడు అన్న గడి నా పట్టికలో లేదు. సాంకేతిక విద్యలో అది నేర్పరు.)

పదింటికి ఆవిరి సిద్ధం. లేత్ అన్న నూనె పోశాడు, నేను సిలిండరు కింద చిన్న కుళాయిల్లాంటి కాక్‌లు తెరిచి లోపల చేరిన నీళ్ళు పోనిచ్చాను, మావయ్య ఫోన్ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఫోన్ మోగింది.

"వచ్చేసిన సార్. ప్యారడైజ్ కాడున్న. ఐదే నిమిషాలు."

"తిప్పీండి, తిప్పీండి!" అని మావయ్య పరిగెత్తుకొచ్చాడు. పెద్దమనిషి గేటు దాటేసరికి చక్రం తిరుగుతూ కనపడాలని ఆయన కోరిక. నేను వాల్వు తెరిచాను. చక్రం కదిలింది. ఎన్నిసార్లు చూసినా ఆ మొదటి చుట్టు దగ్గర ముగ్గురం నోళ్ళు తెరిచే ఉండేవాళ్ళం. నిద్రలేచిన మనిషి ఒళ్ళు విరుచుకున్నట్టు, అంత బరువు, అంత నిదానం. పావుగంట తిప్పాం. ఎవరూ రాలేదు. ఆపాం.

మళ్ళీ ఫోన్. "సార్, దోస్తుగాడు పట్టుకున్నడు. వాని కొడుకు ఫంక్షన్. ముఖం చూపిచ్చి వచ్చేస్త. మెట్టుగూడలనే ఉన్న."

"మెట్టుగూడ అంటే వచ్చీసినట్టేరా. తిప్పీ" అన్నాడు మావయ్య.

"సార్, ఫంక్షన్ల పోయినోడు తినకుంట వస్తడా? జెర ఆగుదాం" అన్నాడు లేత్ అన్న.

"ఆగితే? ఆయనొచ్చేసరికి ఇది పడుకుని ఉంటే? పడుకున్నదాన్ని ఎవడు తీసుకెళ్తాడు?"

తిప్పాం. ఆపాం. ఇంకోసారి తిప్పాం. నా లెక్కలోని ఐదో వంతు ఆ మూడోసారికి పొగై పోయింది. మంట ఆర్పేస్తే మళ్ళీ ఆవిరి లేవడానికి పూట పడుతుంది. ఆర్పకుండా ఉండాలంటే ఏదో ఒకటి వెయ్యాలి. బొగ్గులు అయ్యాయి, కట్టెలు అయ్యాయి. లేత్ అన్న వీధి చివర కొబ్బరిబొండాల బండి దగ్గరికెళ్ళి ఎండిన చిప్పలు గోనె నిండా తెచ్చాడు. అవి అగ్గిపుల్లల్లా మండి అగ్గిపుల్లల్లాగే పోయాయి. పార్సిల్ పెట్టెలు విరగ్గొట్టి వేశాం. తర్వాత స్టూలు. ఆ స్టూలు మీద అప్పటిదాకా నేనే కూర్చున్నాను.

అప్పుడు అత్త పులిహోర కేరేజీతో వచ్చింది. ముగ్గురి ముఖాలూ మసి, కూర్చోడానికి ఏమీ లేదు.

"ఏటయింది? వచ్చాడా మీ పెళ్ళికొడుకు?"

"దార్లో ఉన్నాడు" అన్నాడు మావయ్య.

"పొద్దున్నించీ దార్లోనే ఉన్నాడా? కాలినడకన బయల్దేరాడేటి?" కేరేజీ కింద పెట్టి సంచి మావయ్యకి అందించింది. "ఇంద, ఇది కూడా పడీండి. గుడ్డ సంచే, బాగా మండుతాది."

మావయ్య నవ్వలేదు. ఆవిరి ఒత్తిడి చూపే గేజి ముల్లు కేసి చూస్తున్నాడు. అది మెల్లిగా కిందికి జారుతోంది. కాసేపు చూసి, గోడవారకి వెళ్ళి టేకు పెట్టె లాక్కొచ్చాడు.

లేత్ అన్న పెట్టెకి అడ్డం నిలబడ్డాడు. "సార్, గివి వద్దు. గివి పోతే రేపు ఏదన్న పల్గితే ఏడికెళ్ళి తెస్తం?"

"రేపు దీనికి ఉంటేగా. ఇంజనే పోయాక స్పేర్లు ఏం చేసుకుంటావు, దండ వేస్తావా?"

"తమ్మీ, నువ్వన్న చెప్పు!"

నేను చెప్పలేదు. నిజానికి నేను అప్పుడు మనసులో టేకు ఎంతసేపు మండుతుందో లెక్కేస్తున్నాను. మావయ్య ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, లోపల వేశాడు. పిస్టన్ మూత, బేరింగు గిన్నె, వాల్వు పెట్టె. గేజి ముల్లు లేచింది. (టేకు చాలా మంచి ఇంధనం. ఆ మాట నా పట్టికలో రాసుకున్నాను కూడా.) అత్త కేరేజీ మూత మళ్ళీ బిగించేసింది.

చివరి నమూనా మండుతుండగా తెల్ల కారు గేటు ముందు ఆగింది. హోటల్ సార్ దిగాడు. చేతిలో తాంబూలం సంచి, నోట్లో కిళ్ళీ. చక్రం ఆ క్షణానికి అద్భుతంగా తిరుగుతోంది. ఆయన చెడ్డమనిషి కాదు, అది చెప్పాలి. చెప్పులు బయట విప్పి లోపలికొచ్చాడు. చుట్టూ తిరిగి చూశాడు, వీడియో తీశాడు, "వారెవ్వా! ఏం చేసిన్రు సార్! పానం లేసొచ్చినట్టున్నది" అని మావయ్యని కావలించుకుని తెల్ల చొక్కా మసి చేసుకున్నాడు. లేత్ అన్న అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

"ఫిక్స్ సార్. లాబీల పెడ్త. సుట్టు గ్లాసు, పైకెళ్ళి లైట్లు. పొద్దుగాల్లకెళ్ళి రాత్రి దాంక తిరుగుతనే ఉంటది."

"పొద్దున్నించి రాత్రి దాకానా! మరి మంట వెయ్యడానికి మనిషి కావాలి కదండీ. నేనొస్తాను. జీతం వద్దు" అన్నాడు మావయ్య.

"మంటెందుకు సార్? ఏసీ లాబీల పొగ పెట్టనిస్తరా? కింద కెళ్ళి చిన్న మోటర్ పెట్టి తిప్పుతం. బాయిలర్ నాకొద్దు, మీరే ఉంచుకోండ్రి."

ఇంజన్ తిరుగుతూనే ఉంది. వారం రోజులుగా ముగ్గురం ఆయనతో ఫోన్లో మాట్లాడాం. ఎత్తు అడిగాం, తలుపు వెడల్పు అడిగాం, నేల ఎంత బరువు మోస్తుందో అడిగాం. దేనితో తిప్పుతారని అడగలేదు. ఆవిరి ఇంజన్‌ని ఆవిరితో కాక ఇంకోదానితో తిప్పొచ్చన్న సంగతి మా ముగ్గురి బుర్రల్లో ఎవరికీ తట్టలేదు. ముందే తట్టి ఉంటే ఆ పొద్దున అగ్గిపుల్ల గీయనవసరమే లేదు.

"మావయ్యా, వద్దని చెప్పు" అన్నాను మెల్లిగా.

మావయ్య ఖాళీ టేకు పెట్టె వైపు చూశాడు. తర్వాత హోటల్ సార్‌తో అన్నాడు: "తిరుగుతాది కదండీ?"

"నా గ్యారంటీ సార్."

"అయితే పట్టుకెళ్ళండి."

సోమవారం ఇంజన్ వెళ్ళింది. మంగళవారం బాయిలర్‌ని పాత ఇనుము వాడు కోశాడు. లేత్ అన్న అటువైపు రాలేదు. అత్త ఆ రెండు రోజులూ మావయ్యకి ఇష్టమైనవే వండింది, ఆయన ఇష్టం లేనట్టే తిన్నాడు.

హోటల్ తెరిచాక కొన్నాళ్ళకి నా మొదటి ఇంక్రిమెంటు పేరుతో మావయ్యని అక్కడికి తీసుకెళ్ళాను. ఇంజన్ అద్దాల గదిలో ఉంది; ఇత్తడి భాగాలు బంగారంలా మెరుస్తున్నాయి, పిల్లలు దాని ముందు సెల్ఫీలు దిగుతున్నారు. మావయ్య రెండడుగులు వేసి ఆగిపోయాడు.

"ఒరే, ఇది వెనక్కి తిరుగుతోందేట్రా!"

నిజమే, ఉల్టా తిరుగుతోంది. మేనేజర్ని పిలిచి చెప్పాను. "ఎట్ల తిరిగితే ఏంది సార్, గెస్టులకు ఏం తెలుస్తది?" అన్నాడతను. మావయ్య పెద్దగా వాదించలేదు. నాకు మాత్రం పంతం వచ్చింది. మోటారుకి రెండు వైర్లు అటూ ఇటూ మారిస్తే సరిపోతుందని, బొమ్మ గీసి మరీ చూపించాను. చివరికి మేనేజరే విసుగొచ్చి ఎలక్ట్రీషియన్ని పిలిపించాడు. ఐదు నిమిషాల పని. చక్రం సరైన వైపు తిరగడం మొదలెట్టగానే లోకంలోని ఒక పెద్ద తప్పు నా చేతుల మీదుగా దిద్దినట్టు అందరి వైపూ గర్వంగా చూశాను. ఆ కుర్రాణ్ణి, అంటే అప్పటి నన్ను, తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది.

మావయ్య మేనేజర్ని ఒక్కటే అడిగాడు. "బాబూ, ఒకసారి ముట్టుకోవచ్చా?" అద్దం తలుపు తీశారు. ఆయన చెప్పులు విప్పి లోపలికెళ్ళి, సిలిండరు మీద అరచెయ్యి పెట్టబోతూ కాలుతుందన్న అలవాటు కొద్దీ ఒక్క క్షణం వెనక్కి తీసి, మళ్ళీ నెమ్మదిగా ఆనించాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. చక్రం తిరుగుతూనే ఉంది.

"ఎలగుంది మావయ్యా?" అన్నాను.

ఆయన రెండో చెయ్యి కూడా ఆనించాడు. నేను పక్కగోడ మీదున్న ఏసీ పెట్టెలో అంకె చూశాను. ఇరవై రెండు డిగ్రీలు.