తాతయ్య ఓటు

నా చిన్నప్పుడు మా ఇంట్లో న్యూస్‌పేపర్ చదివి వినిపించే పని నాది. మేముండే అమెరికా ఊరు హెర్న్‌డన్‌లో అప్పటికి మనవాళ్ల ఇళ్లు నాలుగైదుకు మించి లేవు. షుగర్ వల్ల మా తాతయ్యకు చూపు దాదాపుగా పోయింది. స్కూల్ నుంచి రాగానే ఆయన పక్కన కూర్చుని హెడ్డింగులు చదివితే, ఏ వార్త పూర్తిగా కావాలో ఆయన చెప్పేవారు.

నాకు పదకొండేళ్లప్పుడు మా రాష్ట్రం నుంచి సెనేట్ సీటుకు ఎన్నిక వచ్చింది. పోటీ ఒకాయనకీ ఒకావిడకీ మధ్య. తాతయ్య సిటిజన్ అయ్యాక వేయబోతున్న మొదటి ఓటు అది. నెల రోజులు రేడియోకి చెవి ఆనించి ఇద్దరి మాటలూ విన్నారు. చివరికి ఆవిడకే వేస్తానన్నారు. తెలియని సంగతి అడిగితే తెలియదని ఒప్పుకుంటుందట, అది ఆయనకు నచ్చింది.

నాకు మాత్రం పోటీలో ఉన్న ఆ మగాయనంటే ఇష్టం. మా స్కూల్‌కి వచ్చినప్పుడు నా పేరు అడిగారు. మొదటిసారి తప్పు పలికి, మళ్లీ అడిగి, సరిగ్గా పలికారు. మా టీచర్ ఏడాదంతా ఆ పని చేయలేకపోయింది.

ఓటు రోజున అమ్మ మమ్మల్ని కార్లో తీసుకెళ్లింది. తమ్ముడు వెనక సీట్లో నిద్రపోవడంతో తను దిగలేదు. తాతయ్య చెయ్యి పట్టుకుని నేనే లోపలికి నడిపించాను. చూపు లేనివాళ్లు తమకు నచ్చిన మనిషి సాయం తీసుకోవచ్చని అక్కడ బల్ల దగ్గర కూర్చున్నావిడ చెప్పింది. ఆయన చెప్పినట్టే గుర్తు పెడతానని ఒక కాగితం మీద నా చేత సంతకం చేయించింది. నేను చేసిన మొదటి సంతకం అదే.

తెర చాటున నిలబడి ఇద్దరి పేర్లూ చదివాను. తాతయ్య ఆవిడ పేరు చెప్పారు. నా చెయ్యి మా స్కూల్‌కి వచ్చినాయన పేరు పక్క గడిలో గుర్తు పెట్టేసింది. అలా చేయాలని ముందుగా అనుకోలేదు, ఒట్టు. పెట్టావా అని ఆయన మెల్లగా అడిగారు. పెట్టానన్నాను. అది అబద్ధం కాదు కదా అని కూడా అనుకున్నాను.

మర్నాడు పొద్దున, ఆవిడ చాలా కొద్ది ఓట్లతో ఓడిపోయిందని రేడియోలో చెప్పారు. తాతయ్య పెద్దగా నొచ్చుకోలేదు. "పోనీలే, నా ఓటు నేను వేశాను," అన్నారు అమ్మతో. ఆ మాట విన్నాక బ్యాగు తగిలించుకుని స్కూల్‌కి వెళ్లిపోయాను. రెండు రోజులు ఎలాగో ఓర్చుకుని, మూడో రోజు పేపర్ చదువుతూ చదువుతూ ఆపి, జరిగింది చెప్పేశాను.

ఆయన కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఏ చొక్కా వేసుకోవాలో మీ అమ్మ చెబుతుంది. డాక్టర్ దగ్గరికి ఎప్పుడెళ్లాలో మీ నాన్న చెబుతాడు. కళ్లు లేనివాణ్ణి, సరేనంటాను. అదొక్కటీ నాదనుకున్నానమ్మా," అన్నారు.

తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. నాన్నతో చెబుతారేమోనని భయపడ్డాను. చెప్పలేదు, ఎప్పటికీ చెప్పలేదు. మర్నాడు మామూలుగానే పేపర్ తెమ్మన్నారు. కానీ మొదటి వార్త ముగియగానే, "ఉన్నదే చదివావా?" అని అడిగారు. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. ఆ చలికాలమంతా అడుగుతూనే ఉన్నారు. తర్వాత ఎప్పుడో మానేశారు. నమ్మకం తిరిగొచ్చిందో, అడిగి లాభం లేదనుకున్నారో నాకు తెలియదు. మళ్లీ ఎన్నికలు వచ్చేలోపే ఆయన పోయారు.

ఇప్పుడు నాకు అరవై దగ్గర పడుతున్నాయి. ఇంగ్లిష్ రాని మన పెద్దవాళ్లకు ఆసుపత్రిలో డాక్టర్ మాటలు తెలుగులో చెప్పడం నా ఉద్యోగం. చెడ్డ కబురైతే కాస్త మార్చి చెప్పమని వాళ్ల పిల్లలు నన్ను పక్కకు పిలిచి బతిమాలతారు. ఆ కన్నీళ్లు చూస్తే ఒక్కోసారి సరేననాలనిపిస్తుంది. లోపలికి వెళ్తే ఆ పెద్దాయన డాక్టర్‌ని కాకుండా నా ముఖాన్నే చూస్తూ ఉంటారు. ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటాను. డాక్టర్ అన్నది అన్నట్టే చెబుతాను.