పూర్ణా మార్కెట్లో దొంగ నాన్న

నా నాటక జీవితం మొత్తంలో జనాన్ని నిజంగా కదిలించిన ప్రదర్శన ఒక్కటే. ఆ రోజు పూర్ణా మార్కెట్లో సగం కదిలింది. కదిలి తిన్నగా నా మీదకి వచ్చింది. అంతటి ప్రజాస్పందన ఏ నటుడికీ దక్కకూడదని మనసారా కోరుకుంటూ ఆ ఘనకార్యం మీకు చెప్తున్నాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పట్లో నవ్వనిది నేనొక్కణ్ణే.

ఐదారేళ్ల కిందటి మాట. నాకప్పుడు ఇరవయ్యారేళ్లు. వైజాగ్ మద్దిలపాలెంలో ఉన్న ఒక థియేటర్లో కొత్తగా ఉద్యోగం. నా హోదా పేరు ‘యువజన సామాజిక సృజనాత్మక అభ్యాస సమన్వయకర్త’. అది విజిటింగ్ కార్డు మీద పట్టక చివరి రెండు అక్షరాలు వెనకవైపుకి వెళ్లాయి. చేసే పనేమిటంటే, కాలనీలకీ కాలేజీలకీ వెళ్లి జనం చేత ఆటలు ఆడించి, వాళ్ల కథలు వాళ్ల చేతే చెప్పించి, చివరికి ఒక నాటకం కట్టించడం.

కూర్మన్నపాలెంలో మాకు మంచి జట్టు కుదిరింది. అందులో ఆణిముత్యం సింధు. సెల్‌ఫోన్ల షాపులో పనిచేసేది, ఇరవై రెండేళ్లు. ఏడవమంటే ఏడ్చేది, ఆపమంటే టక్కున ఆపి ముక్కు తుడుచుకునేది. ఆమెతోపాటు దిలీప్. ఐటీఐ చదివి స్టీలు ప్లాంటు పక్కనే ఒక వర్క్‌షాపులో వెల్డింగ్ చేసేవాడు. పాపం, బిడియస్తుడు.

మా చిక్కంతా పూర్ణా మార్కెట్ ఆడవాళ్లతో. కూరలమ్మే ఆడవాళ్లని నాటక శిక్షణకి రప్పించాలని థియేటర్ నడిపే సుభద్ర మేడమ్ కోరిక. నేను పిలవడానికి వెళ్లిన ప్రతిసారీ ఒకటే జవాబు: “మాకు తీరికేటి బాబూ? వంకాయలు కావాలేటి?” అలా ఇంటికి రోజూ వంకాయలు చేరేవి తప్ప థియేటర్‌కి మనుషులు చేరేవాళ్లు కాదు.

“తొందరపడకండి సుధీర్,” అనేవారు మేడమ్. “వెళ్లి వాళ్ల దగ్గర ఊరికే కూర్చోండి. వాళ్లు చెప్పేది వినండి. వాళ్లే వస్తారు.”

వినడమా! నేనా! అప్పుడే వేరే ఊళ్లో వారం రోజుల శిక్షణ పొంది, ప్రపంచ నాటకరంగాన్ని భుజాన వేసుకుని రైలు దిగినవాణ్ణి. అక్కడ నేర్చుకున్న బ్రహ్మాస్త్రం పేరు ‘కనిపించని నాటకం’. అంటే, నలుగురు తిరిగే చోట నటులు మామూలు మనుషుల్లా ఒక గొడవ మొదలుపెడతారు. అది నాటకమని ఎవరికీ చెప్పరు. జనం నిజమనుకుని కలగజేసుకుంటారు, చర్చిస్తారు, చైతన్యం పొందుతారు. మేడమ్‌తో చెప్తే ఆవిడ తల అడ్డంగా ఊపారు.

“చెప్పకుండా చేస్తే వాళ్లని మోసం చేసినట్టు కాదా?”

“చెప్తే అది కనిపించేస్తుంది కదండీ!” అన్నాను, చాలా గొప్ప పాయింటు లాగినట్టు.

ఆవిడ వద్దన్నారు. అంచేత ఆవిడకి చెప్పకుండానే చేద్దామని నిశ్చయించాను. కనిపించని నాటకం కదా, మేడమ్‌కి కూడా కనిపించకపోతే మరీ శ్రేష్ఠం అనుకున్నాను.

కథ నేనే రాశాను. కూతురు నాటకాల్లో చేరతానంటుంది, తండ్రి కుదరదంటాడు, బజార్లోనే తిడతాడు. కూతురు సింధు. తండ్రి నేను. దిలీప్ దారిన పోయేవాడిలా వచ్చి “ఆడపిల్ల నాటకాలాడితే తప్పేటండి?” అని ఒక్క ముక్క అంటాడు. అక్కణ్ణుంచి చర్చ దానంతటదే రాజుకుంటుంది.

“సార్, నాటకమని ఎవలికీ సెప్పకపోతే మనకి దెబ్బలు పడవా?” అని అడిగాడు దిలీప్.

“జనాన్ని తక్కువ అంచనా వేయకు.”

“నాను ఎక్కువే అంచనా ఏత్తన్నాను సార్. అందుకే అడుగుతన్నాను.”

ఆ మాట నా చెవికెక్కలేదు. ఇద్దర్నీ నిలబెట్టి గంభీరంగా ఆజ్ఞాపించాను: “ఆకాశం ఊడిపడినా సరే, పాత్రలోంచి బయటికి రాకూడదు. నేను చచ్చిపోతున్నట్టు కనిపించినా సరే!”

“మీరు నిజంగా పోతన్నా కూడానా సార్?” అంది సింధు.

“అప్పుడు కూడా.”

మర్నాడు పొద్దున్న మా నాన్న పాత సఫారీ చొక్కా వేసుకుని, జుట్టుకి పౌడరు పులుముకుని, గుబురు మీసం ఒకటి అతికించుకుని మార్కెట్‌కి చేరాను. నలభై ఎనిమిదేళ్ల తండ్రిలా ఉన్నానని నా నమ్మకం. అద్దం అబద్ధమాడదంటారు గానీ, ఆ రోజు మా ఇంటి అద్దం నన్ను నిలువునా మోసం చేసింది. పైగా వైజాగ్ ఉక్కపోత! నాటకం మొదలవకముందే నా పైపెదవి చెరువైపోయింది.

కూరల వరసలో అప్పలనర్సమ్మ దుకాణం ముందు నిలబడి గొంతు చించుకున్నాను. “నాటకాలాడ్డానికి ఎల్తావా? మన ఇంటి పరువేటి కావాల?”

“నాను నాటకాలే ఆడతాను నాన్నా!” సింధు భోరుమంది. కళ్లలోంచి నీళ్లు కుళాయి తిప్పినట్టు కారుతున్నాయి. నాకే జాలేసింది.

అప్పలనర్సమ్మ ఆ వరసకి మకుటం లేని మహారాణి. యాభై దాటిన మనిషి, చేతిలో ఎప్పుడూ ఒక కరివేపాకు కట్ట. తలెత్తి చూసింది. “ఏటి బాబూ, నడిబజార్లో ఆడపిల్ల మీద అలగ అరుత్తన్నావు?”

నా గుండె ఆనందంతో ఎగిరింది. చైతన్యం మొదలైంది! “నా కూతురు, నా ఇట్టం!” అన్నాను.

“నీ కూతురైతే మాత్తరం? అది మనిషి కాదేటి?”

చుట్టూ పదిమంది చేరారు. దిలీప్‌కి సైగ చేశాను. అతను ముందుకొచ్చి, నేల చూపులు చూస్తూ “ఆడపిల్ల నాటకాలాడితే తప్పేటండి?” అన్నాడు. ఆ మహత్తర వాక్యాన్ని ఒక్కరూ వినలేదు. వెనకనుంచి బండి తోసుకొస్తున్నాయన మాత్రం “బావా, కాసింత పక్కకి జరుగు” అన్నాడు. దిలీప్ జరిగాడు. మా చర్చా కార్యక్రమం అంతటితో సమాప్తం.

అప్పలనర్సమ్మ మాత్రం నా మొహం మీంచి కళ్లు తిప్పడం లేదు. “ఈ పిల్లకెన్నేళ్లు?”

“ఇరవై రెండు.”

“మరి నీకు?”

“నలభై ఎనిమిది.”

“అలగా? నీ పెళ్లాం పేరేటి?”

రిహార్సల్లో ఈ ప్రశ్న లేదు. నేను “సరస్వతి” అన్నాను. సరిగ్గా అదే క్షణంలో సింధు “మేరీ” అంది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తప్పు దిద్దుకుందామని నేను “మేరీ” అన్నాను. నన్ను కాపాడదామని సింధు “సరస్వతి” అంది. సరిగ్గా అప్పుడే నా మీసం ఎడమవైపు ఊడి, బందు ఊడిన కిటికీ రెక్కలా వేలాడింది.

“ఓలమ్మో! మీసం ఊడొచ్చేత్తన్నాదే! ఈడు నాన్న కాడే! దొంగ నాన్న! పిల్లనెత్తుకుపోతన్నాడే!” అని కేకేసింది అప్పలనర్సమ్మ.

కరివేపాకు కట్టతో కొడితే దెబ్బ తగలదనుకుంటారు మీరు. నేనూ అనుకునేవాణ్ణి. రెండు నిమిషాల్లో నన్ను ఉల్లిపాయల దుకాణం స్తంభానికి కొబ్బరితాడుతో కట్టేశారు. అంత చక్కటి సమన్వయం మా వర్క్‌షాపుల్లో నేనెన్నడూ సాధించలేదు.

“అమ్మా, ఆగండి! ఇది నాటకం!” అని అరిచాను.

“అవున్రా! నాటకాలాడతన్నావని మాకూ తెలిసింది. అందుకే గదా కట్టినాం!”

“అది కాదమ్మా, నేను నటుణ్ణి!”

“సూత్తన్నాం గదా, బాగానే నటిత్తన్నావు!”

తెలుగు భాష మీద నాకు చాలా గౌరవం. కానీ ‘నాటకం’ అనే మాటకి రెండర్థాలు పెట్టినవాడు ఆ క్షణంలో నా చేతికి దొరికితే బాగుండుననిపించింది. నిజానికి నా చేతులు కూడా ఖాళీగా లేవు.

“సింధూ! నిజం చెప్పు! నేనెవర్నో చెప్పు!” అని బతిమాలాను.

సింధు క్రమశిక్షణ గల నటి. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని “నన్ను కొట్టకు నాన్నా! ఎక్కడికి తీసుకెల్తే అక్కడికొత్తాను!” అని వణికిపోయింది. తర్వాత అడిగితే, “మీరే గదా సార్ చెప్పారు? మీరు అప్పుడు చాలా సహజంగా ఏడుత్తన్నారు, నాను కూడా అందుకున్నాను” అంది.

“సూసేరా, పిల్లనెంత బెదరగొట్టేసినాడో!” అంటూ ఆడవాళ్లు ఆమెను ఒళ్లోకి లాక్కుని సోడా తాగించారు. నాకూ దాహంగానే ఉంది. ఆ విషయం ప్రస్తావించే వాతావరణం లేదు.

దిలీప్ కోసం చూశాను. ఎవరో అతన్ని “ఈడు నీకు తెలుసేటి?” అని అడుగుతున్నారు. అతను నా కళ్లలోకి నిబ్బరంగా చూసి “నాను దారిన పోయేవోణ్ణండి” అన్నాడు. ఎంత నిష్ఠ! ఈ లోపల చుట్టూ పాతిక ఫోన్లు నన్ను వీడియో తీస్తున్నాయి.

అంతలో నా ఫోను మోగింది. అది అప్పటికే అప్పలనర్సమ్మ స్వాధీనంలో ఉంది. ఆవిడ స్పీకరు నొక్కి నా మొహం ముందు పెట్టింది. మా అమ్మ.

“ఒరే సుధీర్, పూర్ణా మార్కెట్ వైపు వెళ్లకురా. అక్కడ ఆడపిల్లల్ని ఎత్తుకుపోయేవాడు దొరికాడంట. మన చర్చి గ్రూపులో వీడియో పెట్టారు. ఆ పిల్ల కోసం అందరం ప్రార్థన చేస్తున్నాం. వాడి మొహం చూస్తేనే తెలిసిపోతోంది నాయనా, పరమ దుర్మార్గుడని!”

మార్కెట్ అంతా చెవులు రిక్కించింది.

“అమ్మా,” అన్నాను నీరసంగా, “అది నేనే.”

“అదీ సంగతి!” అంది మా అమ్మ. “ఆ చొక్కా ఎక్కడో చూసినట్టుందే అనుకుంటున్నాను. మీ నాన్న పొద్దుట్నుంచీ దానికోసమే వెతుకుతున్నారు.”

అప్పలనర్సమ్మ ఫోను తన వైపు తిప్పుకుంది. “ఏటమ్మా, ఈడు నీ కొడుకా? ఇక్కడ పిల్లనెత్తుకుపోతన్నాడు.”

“వాడా?” అంది మా అమ్మ. “వాడు నాటకాల ఉద్యోగం చేస్తాడమ్మా. బియ్యం బస్తా ఎత్తమంటేనే నడుం పట్టేస్తుంది వాడికి. మనిషినేం ఎత్తుకుపోతాడు?”

పుట్టి బుద్ధెరిగాక నాకు అందిన అత్యుత్తమ సాక్ష్యం అదే. జనంలో కోపం సగం దిగి, నవ్వు మొదలైంది. అప్పుడు గానీ దిలీప్‌కి మనసు కరగలేదు. సందు చివరికి వెళ్లి సుభద్ర మేడమ్‌కి ఫోన్ చేశాడు. ఆవిడ ఆటో దిగి వచ్చేసరికి ఒక హెడ్ కానిస్టేబుల్ గారు కూడా చేరారు. మేడమ్ నా వైపు చూడనైనా లేదు. తిన్నగా అప్పలనర్సమ్మ దగ్గరికి వెళ్లి చేతులు జోడించారు.

“తప్పు మాదేనమ్మా. మీకు చెప్పకుండా నాటకం ఆడి ఉండకూడదు.”

“నా గుండె సూడమ్మా, ఇంకా కొట్టేసుకుంటన్నాది,” అంది అప్పలనర్సమ్మ. చేతిలో కరివేపాకు కట్ట పక్కన పడేసింది. “ఎవలి పిల్లో, ఏటైపోద్దో అని బెదిరిపోయినాను. ఈడికిది ఆటేటి?”

అందరి నవ్వూ ఆగిపోయింది. స్తంభానికి కట్టి ఉన్నా నాకు తలెత్తాలనిపించలేదు. అప్పటిదాకా నా అవమానం గురించే తప్ప, ఆవిడ భయం గురించి నాకు ఆలోచనే రాలేదు. సింధు వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుని “తప్పయిపోనాది అత్తా” అంది. నేనూ అన్నాను. ఈసారి నటించలేదు.

కానిస్టేబుల్ గారు రెండు చివాట్లు పెట్టి తాడు విప్పించారు. ఇక మేడమ్ నన్ను ఇంటికి పంపించేస్తారనుకున్నాను. ఆవిడ ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని టీ చెప్పారు. ఆడవాళ్లు చుట్టూ చేరారు. భయం తీరిపోయాక అసలు సంగతి అడిగింది అప్పలనర్సమ్మ.

“మరైతే ఆ నాటకంలో పిల్ల తరవాత ఏటి సేత్తాది?”

“తర్వాత రాయలేదు అత్తా, అంతే,” అంది సింధు.

“అంతేనా! ఇంత గోల సేసి అంతేనా!” ఆవిడ నా వైపు చూసిన చూపు కంటే కరివేపాకు కట్టే నయం. “ఆ పిల్ల తల్లేదీ? తల్లి లేకుండా కతేటి?”

ఇంకొకావిడ తల్లి ఇలా అనాలంది. మరొకావిడ కాదు అలా అనాలంది. మేడమ్ నోరు మెదపకుండా విన్నారు. టీ చల్లారిపోయింది. ఆ వారమే తొమ్మండుగురు ఆడవాళ్లు మా థియేటర్ మెట్లెక్కారు. అప్పలనర్సమ్మ లోపలికొస్తూనే “ఆ దొంగ నాన్నని దూరంగా కూకోబెట్టండి” అంది. కూర్చున్నాను.

వాళ్లు కట్టుకున్న నాటకం దేని గురించో మీరు ఊహించే ఉంటారు. అవును, ఆ రోజు గురించే. ఎవరి పాత్ర ఎవరు వేయాలో వాళ్లే తేల్చేవాళ్లు. దొంగ నాన్న పాత్రకి నేనూ వెళ్లి నిలబడ్డాను. అది నా పాత్ర. నేను జీవించిన పాత్ర. ఒంటిమీద తాడు గుర్తులతో సహా సాధన చేసిన పాత్ర. ప్రాణం పెట్టి అరిచాను, ఏడ్చాను, బతిమాలాను.

అప్పలనర్సమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అంతా చూసింది.

“నువ్వు సరిపోవు బాబూ,” అంది. “ఆడు నీకంటే ఎర్రిమొకం. నీకలగ రాటం లేదు.”

పాత్ర దిలీప్‌కి ఇచ్చారు. జనం పడీ పడీ నవ్వారు. మా అమ్మ మొదటి వరసలో కూర్చుని, కళ్లనీళ్లు పెట్టుకుని “అచ్చం మావాడేనమ్మా!” అని పక్కావిడకి చెప్పింది. నాకు అప్పగించిన పని ఒక్కటే: తెర లేవకముందు వేదిక మీదకి వెళ్లి “అయ్యలారా, అమ్మలారా, ఇది నాటకం” అని చెప్పి దిగిపోవడం. ఆ ఒక్క మాటకే జనంలోంచి ఎవరో “ఆపహె, నాటకాలాడకు!” అని అరిచారు.

అంచేత పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ముందుగా చాటింపు వేయించకుండా ఇకమీదట ఏ బజార్లోనూ నటించను. బేరమాడేటప్పుడు ధర విని గుండె ఆగినట్టు మొహం పెట్టడం కూడా నటన కిందికే వస్తుంది కాబట్టి అదీ మానేశాను. అప్పలనర్సమ్మ ఎంత చెప్తే అంత ఇచ్చి, సంచి నింపుకుని, తల వంచుకుని ఇంటికొచ్చేస్తున్నాను.