కరెంటు మీద నేను వేసిన నింద

ఆ రోజుల్లో కంప్యూటర్ గురించి నాకు తెలియనిది లేదు. (ఆ రోజులంటే తాతల కాలమేమీ కాదు, నాలుగేళ్లు కూడా దాటలేదు. కానీ ఇరవై రెండేళ్లప్పుడు ఉన్నంత తెలివి మనిషికి మళ్లీ ఎప్పుడూ ఉండదు కాబట్టి, అది వేరే యుగమే అనుకోండి.) ఇల్లు కట్టకముందే అది ఎలా ఉంటుందో వీడియోగా చేసి చూపించే ఒక చిన్న ఆఫీసులో, దిల్‌సుఖ్‌నగర్‌లో, నాకు ఉద్యోగం దొరికింది. దొరికింది అనడం కూడా తొందరపాటే. "నెల రోజులు చూస్తా, పని నచ్చితే ఉంచుకుంటా" అన్నారు మా మేడమ్. ఆ నెలకు చివరి రోజు ఒక శుక్రవారం. ఆ సాయంత్రం నాలుగింటికి అల్మాస్‌గూడ నుంచి ఒక పెద్దమనిషి తల్లిని వెంటబెట్టుకుని వస్తాడు. ఆఫీసులో అందరూ ఆయన్ను పటేల్ సాబ్ అనేవాళ్లు. కట్టబోయే మూడంతస్తుల ఇంట్లో గేటు నుంచి పూజగది దాకా తానే నడిచినట్టు ఆ ముసలమ్మకు వీడియోలో కనిపించాలి. ఆవిడ తలూపితే నా ఉద్యోగం ఖాయం. లేకపోతే సోమవారం నుంచి నేను ఇంట్లో కూర్చుని టీవీ చూసుకోవచ్చు.

ఆ ఇల్లు మొత్తం ఎల్బీనగర్‌లో మా ఇంట్లో, నా సొంత కంప్యూటర్‌లో ఉంది. గోడలు, మెట్లు, గుమ్మాలు, గేటు పక్కన మందారం చెట్టుతో సహా గీయడం అయిపోయింది. ఇక ఒక్క బటన్ నొక్కితే మూడు గంటల్లో వీడియో దానంతటదే తయారవుతుంది. పొద్దున తొమ్మిదింటికి నొక్కితే పన్నెండుకు అయిపోతుంది. తీరిగ్గా భోంచేసి, జడ వేసుకుని, మెట్రో ఎక్కి వెళ్లొచ్చు. బుద్ధి ఉన్నవాళ్లెవరైనా అదే చేస్తారు. నేను మాత్రం ఆ మూడు గంటలను రెండు చేద్దామనుకున్నాను. ముందురోజు ఫోన్‌లో ఒక అబ్బాయి, వెనకాల ఊదారంగు లైట్లు పెట్టుకుని, "మీ కంప్యూటర్ మెమరీ ఇంకా స్పీడుగా పరుగెత్తగలదు, సెట్టింగుల్లోకి పోయి పెంచుకోండి, పైసా ఖర్చు లేదు" అని చెప్పాడు. అతను రెండు మెట్లు పెంచమన్నాడు. నేను నాలుగు పెంచాను. (మనం ఒకరికి తీసిపోవడమేమిటి!) సేవ్ కొట్టాను. కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలైంది. ఫ్యాన్లు గిరగిరా తిరిగాయి, లోపలి లైట్లు వెలిగాయి, స్క్రీన్ మాత్రం బొగ్గులా నల్లగా ఉండిపోయింది. ఒక నిమిషం చూశాను, రెండు నిమిషాలు చూశాను.

సరిగ్గా అప్పుడే నాన్న గదిలోకి వచ్చాడు. మా నాన్న రిటైరైన లైన్‌మన్. నల్గొండ దగ్గర పల్లె నుంచి వచ్చి, ముప్పై ఏళ్లు కరెంటు స్తంభాలు ఎక్కి దిగిన మనిషి. కరెంటు ఆయనకు దేవుడు, దాన్ని వృథా చేసేవాళ్లు దొంగలు. మా ఇంట్లో మనం గది దాటకముందే ఫ్యాన్ ఆగిపోతుంది. టీవీ కింద ఎర్రచుక్క వెలుగుతుంటే ఆయన పక్క మీద అటూ ఇటూ పొర్లుతాడు. (ఇంటికొచ్చిన చుట్టాలు బాత్రూమ్ చీకట్లోంచి "మామా, నేనింక లోపట్నే ఉన్న!" అని అరవడం మాకు మామూలే.)

"ఏంది బిడ్డా, అట్ల నిలబడ్డవ్?" అన్నాడు.

చేసిన ఘనకార్యం చెప్పొచ్చు కదా? చెప్పలేదు. "కంప్యూటర్ వస్తలేదు నాన్నా. వోల్టేజ్ ఎక్కువ తక్కువ అయినట్టుంది" అన్నాను. ఎంత హాయిగా వచ్చేసిందో నోటికి ఆ అబద్ధం!

"మన లైన్లనా?" అన్నాడు నాన్న, కన్నకొడుకును ఎవరో దొంగ అన్నట్టు చూసి. గబగబా వెళ్లి తన పాత మీటర్ తెచ్చి ప్లగ్గులో పెట్టాడు. ముల్లు పోయి ఒకచోట కదలకుండా నిలబడింది. "రెండు వందల ముప్పై. మంచిగనే ఉంది గదా" అని గొణిగాడు. "ఇప్పుడు మంచిగనే ఉంటది నాన్నా, మళ్ల జర సేపటికి మారుతది" అన్నాను. (ఒక అబద్ధానికి ఇంకొకటి తోడుంటే దానికీ ధైర్యం.) ఆయన మీటర్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

నేను పరుగున మెట్లెక్కి, పై పోర్షన్‌లో కిరాయికి ఉండే అంకుల్‌ను పిలుచుకొచ్చాను. ఆయనది కాకినాడ వైపు. ఒకప్పుడు షాపులో కంప్యూటర్లు రిపేరు చేసేవారు. ఆయనకు మాత్రం చెవిలో నిజం చెప్పాను. "మెమరీ స్పీడు పెంచావా? ఎందుకమ్మా, అది నిన్నేవన్నా అడిగిందా?" అని నిట్టూర్చి, డబ్బా మూత విప్పారు. మెమరీ ముక్కలు రెండూ బయటికి లాగి, రబ్బరు పెట్టి, తప్పు రాసిన హోంవర్కు చెరిపినట్టు రుద్దారు. ఒకదాన్ని పెట్టి చూశాం, రెండోదాన్ని పెట్టి చూశాం. నలుపే. "పైన నా దగ్గర వేరే ముక్క ఒకటుండాలి, రా వెతుకుదాం" అన్నారు. పావుగంట వెతికి (దొరకలేదు) కిందికి వచ్చేసరికి ప్లగ్గు స్విచ్ ఆఫ్ చేసి ఉంది. అంకుల్ ఆపారనుకున్నాను నేను. నేను ఆపాననుకున్నారు అంకుల్. మా ఇంట్లో స్విచ్ ఆఫ్ చేసి ఉండటం గోడకు సున్నం ఉన్నంత సహజం కాబట్టి ఎవరమూ అడగలేదు.

"ఇందులో రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. తీసి కాసేపాగి పెడితే నువ్వు చేసిన నిర్వాకమంతా మర్చిపోయి పసిపిల్లలా లేస్తుంది" అన్నారు అంకుల్. తీశాం, ఆగాం, పెట్టాం. స్క్రీన్ నలుపే. అంతలో మేడమ్ ఫోన్. నాన్న వినకుండా వరండాలోకి పరుగెత్తాను. "వీడియో ఎంతవరకు వచ్చింది?" "పూజగది దాకా వచ్చింది మేడమ్" అన్నాను. దేవుడి గదిని అడ్డం పెట్టుకుని మరీ అబద్ధమాడాను! అంకుల్ కాఫీకి పైకి వెళ్లారు. నేను తిరిగొచ్చేసరికి మళ్లీ స్విచ్ ఆఫ్. మళ్లీ వేశాను, మళ్లీ నలుపు, మళ్లీ అంకుల్ దగ్గరికి పరుగు, తిరిగొస్తే మళ్లీ ఆఫ్. "దానికి గూడ తలకాయ నొస్తుందేమో, జరసేపు ముట్టకుండా ఉండుండ్రి" అంది అమ్మ వంటింట్లోంచి. ఎవరూ వినలేదు. (అమ్మ మాట వినకపోవడంలో మా ఇంట్లో అందరిదీ ఒకటే పార్టీ.)

పన్నెండున్నరకు నా వల్ల కాలేదు. కుర్చీలో కూలబడి, ముక్కు చీదుకుంటూ ఏడవడం మొదలుపెట్టాను. నాన్న వచ్చి పక్కన నిలబడ్డాడు. "నౌకరీ పోతదా బిడ్డా?" అన్నాడు. "పోతది నాన్నా." ఆయన ప్లాస్టిక్ కుర్చీ లాక్కొచ్చి ప్లగ్గు పక్కనే వేసుకున్నాడు, మీటర్ ఒళ్లో పెట్టుకున్నాడు, స్విచ్ వేశాడు. "నువ్ పోయి ఇంత పెరుగన్నం తిను. నేను ఈడనే కూసుంట. కరెంట్ ఎట్ల మారుతదో నేను గూడ చూస్త!"

నాలుగు ముద్దలు తిన్నానో లేదో, "బిడ్డా! బొమ్మొచ్చింది!" అని కేక. ఎంగిలి చేత్తోనే ఉరికాను. మెమరీ సెట్టింగులు కుదరలేదు, పాతవాటికే మార్చాను అని స్క్రీన్ మీద తెల్లటి అక్షరాలు. అయ్యబాబోయ్, ఆ గదిలో నేను వేసిన గంతులు! పెరుగన్నం మెతుకులు గోడ మీద కూడా పడ్డాయి. ఆ గోలకు అంకుల్ దిగివచ్చారు. చేతిలో నా కంప్యూటర్‌తో వచ్చిన పుస్తకం, అప్పటిదాకా ఎవరూ తెరవనిది, కాఫీకి వెళ్తూ ఆయన పట్టుకెళ్లింది. "ఇదిగోనమ్మా, ఇక్కడే రాశాడు! మెమరీ మారిస్తే మొదటిసారి పది నిమిషాల దాకా స్క్రీన్ నల్లగానే ఉంటుందట. లోపల అది తన సర్దుబాట్లు తాను చూసుకుంటుందట. ఈలోపు కరెంటు మాత్రం ఆపకూడదట. మరి మనం పైకెళ్లినప్పుడు స్విచ్ ఆపింది నువ్వే కదా?"

నేను అంకుల్‌ను చూశాను. అంకుల్ నన్ను చూశారు. ఇద్దరం నాన్నను చూశాం.

"నేనే బంద్ చేసిన" అన్నాడు నాన్న తాపీగా. "మీరు అవుతలికి పోయినప్పుడల్లా. మూడు సార్లు."

"నాన్నా! కరెంటు వేస్టయితదనా?"

"కాదు బిడ్డా. వోల్టేజ్ మారుతుందంటివి గదా. మళ్ల కొట్టిందంటే లోపట నువ్వు గీసిన ఇల్లంత కాలిపోతదని భయమైంది. మీటర్ మంచిగనే చూపెడుతుండె. కని నువ్వు చెప్పినవ్ గదా."

అంకుల్‌కు ఉన్నట్టుండి స్టవ్ మీద పాలు గుర్తొచ్చాయి, పుస్తకం అక్కడే పెట్టి మాయమయ్యారు. నేను నోరు తెరిచాను, చెప్పేద్దామనే. "ఏం చూస్తున్నవ్, బటన్ ఒత్తు, టైం అయితుంది!" అని నాన్న కసిరాడు. ఒత్తాను. మూడు గంటలు ఆయన ఆ కుర్చీలోంచి లేవలేదు. టీ అక్కడే తాగాడు. అమ్మ మిక్సీ వేయబోతే "గిప్పుడేం మిక్సీ!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. మూడూ నలభైకి వీడియో అయ్యింది. పెన్‌డ్రైవ్ గుప్పిట్లో పట్టుకుని, జడ కూడా వేసుకోకుండా, మెట్రో మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. పటేల్ సాబ్ తల్లి వీడియో అంతా చూసి, "పూజగది మీదికెందుకు ఎక్కించినవ్ బిడ్డా, నా మోకాళ్లను అడిగినవా?" అని పకపకా నవ్వింది. పూజగది కిందికి దిగింది, నా ఉద్యోగం నిలబడింది.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. మర్నాడు నాన్న తాను పనిచేసిన ఆఫీసుకు పోయి, "నా బిడ్డ నౌకరీ పోతుండె మీ వోల్టేజ్‌తోని!" అని పాత దోస్తులతో కొట్లాడి వచ్చాడు. సోమవారం ఇద్దరు మనుషులొచ్చి స్తంభం నుంచి మా ఇంటిదాకా కొత్త వైరు లాగారు. స్తంభం మీది మనిషికి మంచినీళ్లు అందించింది నేనే. ఆయన "పాత వైరు మంచిగనే ఉండె గదమ్మా" అంటే, నేను గేటుకు అంటిన మట్టిని శ్రద్ధగా గోకుతూ నిలబడ్డాను. నాన్న మాత్రం ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్తాడు, కరెంటు దెబ్బకు పడిపోయిన కంప్యూటర్‌ను పక్కన కూర్చుని తానే లేపానని.

ముప్పై ఏళ్లు, పై అధికారి చెప్పినా సరే, మీటర్ చూపెట్టిందే నిజం అని వాదించిన మనిషి ఆయన. ఆ ఒక్క రోజు మీటర్‌ను ఒళ్లో పెట్టుకుని నా మాట నమ్మాడు. ఊదారంగు లైట్ల అబ్బాయిని నమ్మిన ఆ పిల్లను తలుచుకుంటే నాకిప్పుడు నవ్వొస్తుంది, నవ్వుతుండగానే కళ్లు చెమరుస్తాయి. నాన్న అద్దాలు పెట్టుకుని అచ్చయిన ప్రతి అక్షరం చదువుతాడు, నేను రాసినవైతే రెండుసార్లు చదువుతాడు. అందుకే ఎదురుగా నోరు పెగలని మాట ఇక్కడ రాస్తున్నాను. నాన్నా, ఆ రోజు కరెంటు మంచిగనే ఉండె.