మెకానిక్ దాచుకున్న పొట్లాలు

సాయంత్రం ఆరింటికి ఇంటి ఓనరుకు తాళాలు అప్పగించాలి. మధ్యాహ్నం పన్నెండయినా ఆ గదిలో కాలు పెట్టే చోటు లేదు. ఏసీ మెకానిక్ మంచం అంచున కూర్చుని, ఎదురుగా ఉన్న సామాన్ల కుప్పను చూసి నిట్టూర్చడం తప్ప పొద్దుటి నుంచీ చేసిందేమీ లేదు. పరాయి దేశంలో పదిహేడేళ్లు పనిచేసిన మనిషి. రేపు విమానం ఎక్కితే ఇక తిరిగి రాడు.

ఆ కుప్పలో ఏముందో చెప్పడం కన్నా ఏం లేదో చెప్పడం సులువు. రెక్కలు లేని ఫ్యాన్లు, ఫ్యాన్లు లేని రెక్కలు, ఏ రిమోటువో తెలియని మూతలు, రాగి గొట్టం ముక్కలు, డబ్బాల నిండా మరలు. ఎవరు ఏది పారేయబోయినా "ఆగాగు, పనికొస్తుంది" అంటూ లాక్కునేవాడు. అందుకే తోటివాళ్లు 'పనికొస్తుంది అన్న' అని పేరు పెట్టారు. మొదట్లో ఉడుక్కున్నాడు. తర్వాత్తర్వాత ఆ పేరుతో పిలిస్తేనే పలికేవాడు.

పదేళ్లుగా అదే గదిలో పక్క మంచం మీద పడుకున్న డ్రైవరు పోయిన వారమే వేరే చోటికి మారాడు. ఇవాళ సెలవు పెట్టుకుని మరీ సాయానికి వచ్చాడు.

"అన్నా, నువ్విలా చెంపకు చెయ్యి ఆనించుకుని కూర్చుంటే తెల్లారినట్టే! లే, ఈ ఫ్యాను పారేస్తున్నా."

"దానికి మోటారు బాగానే ఉందిరా."

"నీకే బాలేదు. లే!"

ఆయన్ని కదలనివ్వనిది బద్ధకం కాదు, భయం. రెండేళ్లకోసారి నలభై రోజుల సెలవు మీద ఇంటికి వెళ్లేవాడు. వెళ్లిన ఒకటి రెండు రోజులకల్లా ఇంట్లో ఏదో ఒకటి పాడయ్యేది. కుళాయి కారేది, ఫ్యాను తిరగనని మొండికేసేది, తలుపు గడియ పడేది కాదు. అవి బాగుచేస్తూ ఇల్లంతా తిరిగేవాడు. అలా తిరుగుతుంటేనే అది తన ఇల్లనిపించేది. నలభై రోజులంటే సరే, మిగతా జీవితానికంతా సరిపడా మరమ్మతులు ఎక్కణ్ణుంచి వస్తాయి? భార్య ఇన్నేళ్లూ ఒంటిచేత్తో ఇల్లు నడుపుకొచ్చింది. పనులన్నీ అయిపోయాక ఆ ఇంట్లో తను కూర్చోవడానికి ఒక కుర్చీ ఉంటుంది గానీ, తనతో అవసరం ఎవరికుంటుంది? ఈ మాట ఎవరికీ చెప్పుకోలేదు. పెట్టె సర్దడం మాత్రం మూడు వారాలుగా వాయిదా వేస్తూ వచ్చాడు.

డ్రైవరు అటక మీద సామాను లాగుతుంటే ఒక బిస్కెట్ల డబ్బా జారి కింద పడింది. మూత ఊడి, కాగితం పొట్లాలు నేలంతా దొర్లాయి. ఎనిమిది పొట్లాలు. ఒక్కోదాని మీద ఒక్కో సంవత్సరం.

"ఇవేంటన్నా?"

"మా ఇంటివి. అప్పటికి దొరికినవి బిగించి, పాడైన ముక్కల్ని నమూనాకని తెచ్చేవాణ్ణి. ఇక్కడ అలాంటివే మంచివి కొని, మళ్లీ వెళ్లినప్పుడు బిగించేవాణ్ణి."

కొత్తవి బిగించాక పాతవి పారేయాలని ఆయనకు తోచి ఉండదని వేరే చెప్పాలా? అయినా ఇవాళ ఎలాగూ పారేయాల్సిందే కదా అని, కిటికీ దగ్గర పేపరు పరిచి, కళ్లజోడు పెట్టుకుని మొదటి పొట్లం విప్పాడు. వంటింటి కుళాయి వాషరు. అరిగిన వాషరు మీద గుండ్రంగా గాడి పడుతుంది. దీని మీద గాడి లేదు. అంచు నుంచి మధ్య కన్నం దాకా గీత గీసినట్టు తిన్నగా ఒక కోత ఉంది.

రెండో పొట్లంలో ఫ్యాను రెగ్యులేటరు తీగ. కాలిన తీగకు కొస నల్లబడాలి. ఇది తళతళలాడుతోంది. గడియ స్ప్రింగు మీద పట్టకారు పళ్ల గుర్తులున్నాయి. ఎనిమిదింటిలో నిజంగా అరిగినవి రెండే.

"పాడైన ముక్కను ముందు సరిగ్గా చూడండిరా, ఎందుకు పాడైందో అదే చెబుతుంది" అని పనిలోకి కొత్తగా వచ్చిన ప్రతివాడికీ పాఠం చెప్పే మనిషి, సొంత ఇంటి ముక్కల్ని ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు. చేతికి పని దొరికిందన్న సంబరంలో పడిపోయాడు.

వెంటనే భార్యకు ఫోను చేశాడు.

"మొదటిసారి సెలవుకొచ్చినప్పుడు కుళాయి కారిందే, ఆ వాషరు నువ్వే కోశావా?"

ఆవిడ పకపకా నవ్వింది.

"ఇన్నేళ్లకా కనిపెట్టేది? పేరుకు పెద్ద మెకానిక్కు!"

"ఎందుకే?"

"ఎందుకేంటండీ! వచ్చిన రోజు ఎలా కూర్చున్నారో గుర్తుందా? గుమ్మం పక్కనే కుర్చీ వేసుకుని, చుట్టపుచూపుగా వచ్చినట్టు. మంచినీళ్లు కూడా అడిగి తాగారు. మీ ఇంట్లో మీరు మొహమాటపడుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. మర్నాడు పొద్దున్నే కుళాయి విప్పి బ్లేడుతో కోశాను. పానా పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. ఆ పూటంతా అక్కడే కబుర్లు చెబుతూ ఉండిపోయారు. ఇదేదో బాగుందనిపించింది."

ఆయన కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"మరి ఈసారి ఏం పాడుచేశావ్?"

"ఏమీ చెయ్యలేదు. నిన్న ఫ్యాను తీగ పీకుదామని స్టూలు ఎక్కాను. ఎక్కి, మళ్లీ దిగిపోయాను. ఇక ఉండిపోయే మనిషికి ఇవన్నీ ఎందుకు? ఈసారి ఊరికే రండి."

"ఊరికే వచ్చి ఏం చెయ్యను?"

"నాకూ తెలీదు. కూర్చుని ఆలోచిద్దాం. నేను కూర్చుని కూడా చాన్నాళ్లయింది."

ఫోను పెట్టేశాక లేచి నడుం బిగించాడు. ఫ్యాన్లు, రెక్కలు, మూతలు, మరలు గోనెసంచుల్లోకి పోయాయి. ఒక్కదానికీ "ఆగాగు" అనలేదు. ఇంట్లో బిగించడానికని ఎప్పటినుంచో కొని దాచిన కొత్త సామాన్ల పెట్టెను కూడా డ్రైవరు ముందు బోర్లించాడు. పానాల సెట్టు అతని చేతిలో పెట్టి, బండికి ఉంచుకోమన్నాడు. డ్రైవరు నోరెళ్లబెట్టాడు. ఐదున్నరకు ఇద్దరూ కలిసి నేల తుడిచారు.

తలుపు వేస్తుంటే, ఆయన గుప్పిట్లో ఏదో ఉండటం డ్రైవరు కంటపడింది.

"ఏంటన్నా అది? ఆ తెగిన రబ్బరు ముక్కేనా? దేనికైనా పనికొస్తుందా?"

"ఎందుకూ పనికిరాదురా" అంటూ మెకానిక్ దాన్ని చొక్కా జేబులో వేసుకుని, గుండీ పెట్టుకున్నాడు.