బామ్మర్ది ఇంటి ఇస్త్రీ బల్ల

నేను దొంగను కాను. ఈ మాట ముందుగాల చెప్పి మొదలుపెడుతున్న. ఎందుకంటే తాండూరుల ఒక గల్లీ గల్లీ అంత, పట్టపగలు, నన్ను దొంగ అనుకొని కట్టెలు పట్టుకొని నిలబడ్డది. గా గల్లీకి నేను అల్లుడిని. గింత బేఇజ్జతికి కారణం ఒక ఇస్త్రీ బల్ల. నవ్వనంటే చెప్త. నవ్వుతరు, నాకెర్కే. అయినా చెప్త.

వికారాబాదుల నాకు బట్టల దుకాణం ఉంది. రంగు పోదు అని ఎవరన్న ఒట్టు పెడితే, నేను గా బట్టను తడి వేలుతోని రుద్ది చూసినంకనే నమ్ముత. దుకాణంల ఉండాల్సిన గీ అనుమానాన్ని నేను రోజూ సంచిల పెట్టుకొని ఇంటికి గూడ తెచ్చుకునేటోన్ని.

కొన్నేండ్ల కింద మేము కొత్త ఇల్లు కట్టుకుంటున్నం. ఒకనాడు నా భార్య సరిత అన్నం వడ్డించుకుంట మెల్లగ అన్నది.

"పడకగది గోడల ఇస్త్రీ బల్ల పెట్టిద్దమా? అల్మారి లెక్క తలుపు తీస్తే బల్ల కిందికి దిగుతది. పనైనంక మడిచి లోపలికి నూకెయ్యొచ్చు. మా తమ్ముడు పెట్టించిండు, మస్తుంది."

నా చేతిల ముద్ద చేతిలనే ఆగింది. మా ఇంట్ల ఇస్త్రీ ఎవరు చేస్తరు? బట్టలన్ని చౌరస్త కాడి ఇస్త్రీ బండికి పోతయి. ఇస్త్రీపెట్టె వైరు యాడుంటదో గూడ సరితకు తెల్వదు.

"ఎందుకే?" అన్న.

"ఊకనే."

పెండ్లయినోళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. 'ఊకనే' అన్న మాట ఎనక ఊకనే ఏదీ ఉండదు.

గంతల సరిత తమ్ముడు రాజేందర్ తాండూరు నుంచి ఫోన్ చేసిండు. ఆయనది నాపరాళ్ల వ్యాపారం. "బావా, కండ్లు మూసుకొని పెట్టించు!" అన్నడు.

కండ్లెందుకు మూసుకోవాలె? తెరిస్తే ఏం కనవడ్తది? రాత్రంత ఆలోచించి అసలు సంగతి కనిపెట్టిన. ఆయన బల్ల ఖరాబై ఉంటది. మోసపోయింది తానొక్కడే అయితే నామోషీ గద, తోడుకు నన్ను లాగుతుండు!

తెల్లారి మా కొత్తింటి కట్టెపని చేసే వడ్లాయన వచ్చి నిలబడ్డడు. "సేటూ, గోడ కొట్టాల్నా వద్దా? రంగులేసేటోళ్లు నా కోసమే ఆగిండ్రు."

"సాయంత్రం చెప్త, ఫికర్ చెయ్యకు," అని, సరితకు మాత్రం "కోట్‌పల్లిల దోస్తు ఇంట్ల దావత్ ఉంది" అని చెప్పి, తాండూరు రైలెక్కిన. చెప్పి పోతే బల్లను తుడిచి, నూనె పెట్టి, పెండ్లిచూపులకు పిల్లను తయారు చేసినట్టు చూపిస్తరు. చెప్పకుండ పోతేనే నిజం తెలుస్తది. నా తెలివికి నేనే మురిసిపోయిన.

రాజేందర్ ఇంటి వాకిలి తీసే ఉంది. ఆయన దుకాణంల ఉంటడు. ఆయన భార్య స్వప్న మిద్దె మీద కందులు ఎండబోస్తుంది, మాటలు వినవడ్తున్నయి. చెప్పులు బయట విడిస్తే ఆనవాలు దొరుకుతదని చేతిలనే పట్టుకున్న. పిల్లి లెక్క పడకగదిలకు పోయి, తలుపు దగ్గరికేసిన.

బల్ల గా తలుపు పక్కన గోడలనే ఉంది. అల్మారి తీసి జర గట్టిగ గుంజిన.

ధడేల్!

బల్ల నా ముక్కును తప్పించుకొని దిగి, సరిగ్గ తలుపుకు అడ్డం పడ్డది. తలుపు లోపలికి తెరుచుకునేది. బల్ల లేస్తే తలుపు తెరుచుకుంటది. గని బల్ల లేస్తలేదు. పైకి లేపిన, కిందికి ఒత్తిన, భుజం పెట్టి నూకిన. కొండ లెక్క కూసుంది. ఒక్కటి మాత్రం ఖాయమైంది, బల్ల ఖరాబు కాలే.

చప్పుడికి స్వప్న ఉరికొచ్చింది. తలుపు నూకి చూసింది. రాలే.

"ఎవర్రా లోపల?"

చెల్లె, నేనే అంటే అయిపోతుండె. గని 'ఎందుకొచ్చినవ్ అన్నా' అంటే ఏం చెప్పాలె? నీ మొగుడు అబద్ధమాడిండో లేదో చూసిపోదామని వచ్చిన అనాల్నా? నోరు మూసుకున్న. గదే నా కొంప ముంచింది.

"దొంగ! దొంగ పడ్డడు!"

గల్లీ కదిలింది. పక్కింటి కన్నడపు అవ్వ "యారప్పా వొళగ?" అని లోపలున్నదెవరో అడుగుకుంట రోకలి పట్టుకొని వచ్చిందట. కిటికీకి గట్టి జాలీ ఉంది, దుంకే రాస్త లేదు. మంచం కింద దూరుదామని చూసిన. నా పొట్ట ఒప్పుకోలే.

"గొళ్లెం పెట్టుకున్నడు, పోలీసులకు ఫోన్ కొట్టుండ్రి!" అన్నరెవరో.

"ఆగుండ్రి, మా ఆయన వస్తుండు. వదినెకు గూడ చెప్త," అని స్వప్న వికారాబాదుకు ఫోన్ చేసింది. "వదినే, ఇంట్ల దొంగ పడ్డడు! అన్నను జర జల్ది పంపియ్యి!"

సరిత భర్తను నమ్మిన మనిషి. వెంటనే నాకు ఫోన్ చేసింది.

నా ఫోన్ మోగుడు ఎట్లుంటదంటే, మా చిన్నబిడ్డ చిన్ని తన గొంతుతోనే రికార్డు చేసి పెట్టింది. మూసిన గదిల నుంచి గా గొంతు గల్లీకంత వినవడ్డది.

"డాడీ, ఫోన్ ఎత్తు! మమ్మీ కోపంల ఉంది! డాడీ, ఫోన్ ఎత్తు!"

బయట ఎత్తిన కట్టెలు ఒక్కొక్కటే దిగినయట.

"గిది... మన చిన్ని గొంతు గదా?" అన్నది స్వప్న. "అన్నా?"

"ఆఁ... నేనే చెల్లె," అన్న. "అందరు మంచిగున్నరా?"

గప్పుడే రాజేందర్ వచ్చిండు. నవ్వాపుకోలేక తలుపుకు ఆనుకొని చెప్పిండు. "బావా, బల్ల కింద చెయ్యి పెట్టు. మీట లెక్క ఖట్క ఉంటది, మీటు."

మీటిన. బల్ల పువ్వు లెక్క లేచింది. తలుపు తెరుచుకుంది. చేతిల చెప్పులతోని గల్లీ ముందు నిలబడ్డ. అవ్వ నన్ను కిందికీ మీదికీ చూసి, రోకలి మాత్రం దించలే.

స్వప్న తన ఫోన్ నా చేతిల పెట్టింది. అవతల సరిత.

"కోట్‌పల్లిల దావత్ మంచిగైందా?"

నేను చేతిలున్న చెప్పులు మెల్లగ కింద పెట్టిన.

"సరే, బల్ల చూసినవ్ గద. ఎట్లుంది?"

"మస్తు గట్టిగుంది."

"పెట్టిద్దమా మరి?"

గా పరిస్థితిల ఆమె ఇంటి మీద విమానాశ్రయం అడిగినా 'సరే' అనేటోన్ని.

మరునాడు వడ్లాయన గోడ కొట్టుకుంట అడిగిండు. "అక్కా, బల్ల ఎవరి ఎత్తుకు పెట్టాలె?"

సరిత తడుముకోకుండ నన్ను చూపించింది. "ఆయన ఎత్తుకు. చేసేది ఆయనే గదా."

నేను బల్లను పట్టి పట్టి అనుమానించిన. గని అనుమానించాల్సింది బల్లను కాదన్న సంగతి గప్పటి దాంక నాకు తట్టనే లేదు!

గందుకే, రోజూ పొద్దుగాల ఇంటిల్లిపాది బట్టలు ఇస్త్రీ చేసే నేను, గీ ఇస్త్రీపెట్టె మీద చెయ్యి పెట్టి (చల్లారినంకనే సుమా) భీకర ప్రతిజ్ఞ చేస్తున్న. ఇంకెన్నడూ ఎవరింట్లకు దొంగతనంగ పోయి ఏ వస్తువునూ పరీక్ష చెయ్య. అది గట్టిదా, పుచ్చుదా అని అడగనే అడగ. ఇంట్ల ఏది పెట్టిద్దమన్నా ఒక్కటే అడుగుత, "దీంతోని పని చేసేదెవరు?"